ఒక సిలిండర్ మిస్సింగ్: కాయిల్స్ మార్చాలా, ప్లగ్‌లు మార్చాలా?

మున్నేరు ఒడ్డు
నాది 2016 పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, 1.2 లీటర్, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. మొన్న వైరా రోడ్డులో లారీని దాటుదామని తొక్కితే పికప్ లేదు, ఎక్కిళ్లు వచ్చినట్టు తడబడింది, వెంటనే చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ మినుకుమనడం మొదలైంది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.
సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ప్లగ్‌కి హై వోల్టేజీ ఇచ్చే కాయిల్స్ నాలుగు, మెరుపుతో పెట్రోల్‌ని అంటించే ప్లగ్‌లు నాలుగు మార్చాలి, 18,500 అవుతుందన్నారు. ఏ సిలిండర్‌లో తేడా అని అడిగితే సెట్‌గా మారిస్తేనే గ్యారంటీ అన్నారు. మా వీధి చివరి మెకానిక్ మాత్రం ప్లగ్‌లు విప్పి ఉప్పు కాగితంతో రుద్ది మెరుపు దూకే గ్యాప్ సెట్ చేస్తాను, 300 ఇవ్వండి చాలంటున్నాడు. రెండేళ్ల కింద 60 వేల దగ్గర కూడా ఆయనే అలా శుభ్రం చేశాడు, అప్పుడు బాగానే నడిచింది. ఎవరి మాట వినాలో చెప్పండి.

రాజమండ్రి రోడ్డు
మెకానిక్ మాట వినండి. నేను ముప్పై ఏళ్లుగా ప్లగ్‌లు విప్పి రుద్దుకుంటున్నా, ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద ఆగలేదు. పెట్రోల్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో మసి తీసి, గ్యాప్ చూసి బిగిస్తే కొత్త దానితో సమానం.

హైవే అక్క
18,500 అనగానే బిల్లు కట్టేయకుండా ఇక్కడికొచ్చి అడిగావు, అది మంచి పని చేశావు తమ్ముడూ. ముందు ఒకటి చెప్పు, ఆ లైటు నిలకడగా వెలిగిందా, మినుకుమందా? మినుకుమంటే మాత్రం ఆ బండిని ఇక హైవే ఎక్కించకు. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ కరిగిపోతుంది. అది పోతే ఈ 18,500 చాలా చిన్న బిల్లులా కనిపిస్తుంది.

మున్నేరు ఒడ్డు
@హైవే అక్క: మొదట మినుకుమంది, కాలు తీసేశాక నిలకడగా వెలుగుతోంది. ఆ రోజు నుంచి బండి ఇంటి దగ్గరే ఉంది అక్కా.

ఆటోనగర్ స్పానర్
విజయవాడ ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా పెట్రోల్ బళ్లే చూస్తున్నా. సర్వీస్ సెంటర్ వాళ్లూ, మీ మెకానిక్కూ ఇద్దరూ సగం సగమే చెప్పారు. కాయిల్ ఒకటి పోతే ఒకటే పోతుంది, నాలుగూ ఒకే రోజు మాట్లాడుకుని పోవు. ముందు స్కానర్ పెట్టించి బండి కంప్యూటర్ చూపించే లోపం కోడ్ చూడండి. పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే అక్కడ మంట తప్పుతోంది, పి0302 రెండోది, అలా. పి0300 వస్తే ఎక్కడని తేలని మిస్సింగ్, అప్పుడు కాయిల్స్ కన్నా ముందు పెట్రోల్ ప్రెషర్, ఎక్కడైనా గాలి లాగుతోందా అన్నవి చూడాలి.
కోడ్ ఒక సిలిండర్‌ని చూపిస్తే ఆ కాయిల్‌ని పక్క సిలిండర్ మీదికి మార్చండి. ఒకే బోల్టు, ఒకే కనెక్టర్, పది నిమిషాల పని. కోడ్ చెరిపేసి ఒక రౌండు తిప్పండి. మిస్సింగ్ కాయిల్‌తో పాటు పక్కకి వెళ్లిందా, కాయిల్ పోయింది. పాత చోటే ఉందా, కాయిల్ జోలికి వెళ్లకండి, ప్లగ్ విప్పండి. ప్లగ్ కూడా బాగుంటే అప్పుడు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్ కంప్రెషన్ అనుకోవాలి.
ఇంకో మాట. ప్లగ్ విప్పినప్పుడు దాని కొనను చూడకుండా పక్కన పడేయకండి, ఏ సిలిండర్‌దో నంబరు రాసి వరసగా పెట్టుకోండి. సిలిండర్ లోపల ఏం జరుగుతోందో దాని ముక్కు మీద రాసి ఉంటుంది. బిస్కెట్ రంగులో పొడిగా ఉంటే అంతా సవ్యం. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా బండి రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతోంది. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా పాలిపోయి పొక్కులు లేస్తే వేడి ఎక్కువైంది.

పాత అంబాసిడర్
ఆటోనగర్ తమ్ముడి మాట వింటుంటే నాన్నగారు గుర్తొచ్చారు. 1980లలో మాకు రెండు అంబాసిడర్ టాక్సీలు ఉండేవి. పొద్దున బండి తీసే ముందు బానెట్ లేపి, స్పార్క్‌ని ఒక్కో ప్లగ్‌కి పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల కాయిల్ కరెంటుని కలిపి తెంచే పాయింట్లు చూడటం ఇంట్లో దీపం పెట్టినంత నియమంగా జరిగేది. పాయింట్ల మధ్య సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లని తెరిచే ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఆ గ్యాప్ తగ్గిపోయి స్పార్క్ టైమింగ్ వెనక్కి జరుగుతుంది. ఒక పాయింటు మీద గుంట, రెండో దాని మీద బొడిపె వచ్చేవి, సన్నని ఆకురాయితో చదును చేసేవాళ్లం. ప్లగ్ గ్యాప్ చూడటానికి గేజ్ దొరక్కపోతే హాక్సా బ్లేడు ముక్క దూర్చేవాళ్లు, దాని మందం 0.6 దగ్గరే కాబట్టి సరిపోయేది.
వానాకాలం ఇంకో కథ. మూత లోపల తేమ చేరితే బండి లేవదు. మూతకు సన్నటి పగులు ఉందంటే ఇక అంతే, ఆ పగులు వెంట బొగ్గు గీత పడి స్పార్క్ ప్లగ్‌కి పోకుండా ఆ దారినే పోయేది. నాన్నగారు తువ్వాలుతో మూత, వైర్లు తుడిచి బండి లేపేవారు. చీకట్లో బానెట్ ఎత్తితే పాతబడ్డ హెచ్‌టి (హై వోల్టేజీ) వైర్ల మీద నీలం మెరుపులు పాకుతూ కనిపించేవి, మాకు అదొక దీపావళి. రాత్రి బండి ఆపాక డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ తీసి జేబులో వేసుకునేవారు, రోటర్ లేని బండిని ఏ దొంగా లేపలేడు కదా. ఇప్పటికీ సిలిండర్లు మండే వరస, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అని నిద్రలో అడిగినా చెప్తాను.

రాజమండ్రి రోడ్డు
@పాత అంబాసిడర్: రోటర్ జేబులో పెట్టుకుని పెళ్లికి వెళ్లి, అక్కడ లాల్చీ మార్చుకుని, తిరిగొచ్చాక రోటర్ కోసం పెళ్లిపందిరంతా వెతికిన బాబాయి మాకూ ఉన్నాడు.

విద్యుత్ మాస్టారు
పాయింట్లు అసలు ఏం చేసేవో చాలామంది కుర్రాళ్లకి తెలియదు. అది తెలిస్తే ఇప్పటి కాయిల్స్ గురించి కూడా అర్థమవుతుంది. ఇంటర్ పిల్లలకి ఇండక్షన్ పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ కారు కాయిల్‌నే ఉదాహరణగా తీసుకునేవాణ్ణి.
బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్ గ్యాప్‌లో, అదీ పిస్టన్ నొక్కి పెట్టిన గాలిలో, మెరుపు దూకాలంటే పది, ఇరవై వేల వోల్టులు కావాలి. కాయిల్‌లో ఒకే ఇనుప కడ్డీ మీద రెండు చుట్లు ఉంటాయి, లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ వేల చుట్లు. పాయింట్లు మూసుకున్నప్పుడు లావు తీగలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిండుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు, స్పార్క్ వచ్చేది పాయింట్లు మూసుకున్నప్పుడు కాదు, తెరుచుకున్నప్పుడు. కరెంటు ఠక్కున ఆగితే క్షేత్రం కూలిపోతుంది, ఆ కూలడం ఎంత వేగంగా జరిగితే సన్న తీగలో అంత వోల్టేజీ పుడుతుంది. పక్కనున్న కండెన్సర్ పని కరెంటును శుభ్రంగా తెంచడం. అది పోతే పాయింట్ల మధ్యే మంట లేచి అవి మాడిపోతాయి, ప్లగ్ దగ్గర స్పార్క్ నీరసపడుతుంది.
ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేశాడు, 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆయనే 1912 మోడల్ క్యాడిలాక్‌కి సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చాడు, హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ తప్పింది. అంతకుముందు బ్యాటరీ లేకుండా అయస్కాంతంతో కరెంటు పుట్టించే మాగ్నెటో రాజ్యం. 1902లో బాష్ కంపెనీలో గాట్‌లోబ్ హోనోల్డ్ హై వోల్టేజీ మాగ్నెటోని, దానికి తగ్గ ప్లగ్‌ని తెచ్చాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1860లో పారిస్‌లో లెన్వార్ తన గ్యాస్ ఇంజిన్‌లో విద్యుత్ మెరుపుతోనే మంట పెట్టాడు. అంటే ప్లగ్ అనే వస్తువు వయసులో కారు కన్నా పెద్దది.

డీజిల్ ప్రేమికుడు
మా బండికి ఈ గోలేం లేదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే చాలు, డీజిల్ దానంతటదే మండుతుంది.

ఆటోనగర్ స్పానర్
@డీజిల్ ప్రేమికుడు: చలికాలం పొద్దున్నే సిలిండర్‌ని వేడెక్కించే మీ గ్లో ప్లగ్‌లు పోయినప్పుడు రండి, అప్పుడు మాట్లాడుకుందాం. టీ నేనే ఇప్పిస్తా.

డెట్రాయిట్ తెలుగు
మాస్టారూ, ఎంత బాగా చెప్పారండీ. ఇక్కడ డియర్‌బోర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అని ఉంది, ఫోర్డ్ మోడల్ టి కార్లలో ఎక్కించి తిప్పుతారు. ఆ బండిలో సిలిండర్‌కి ఒక కాయిల్ చొప్పున నాలుగు కాయిల్స్ ఒక పెట్టెలో ఉంటాయి, పనిచేసేటప్పుడు తుమ్మెదలా జుయ్‌మంటాయి. స్పార్క్ ముందుకో వెనక్కో జరపడానికి స్టీరింగ్ కింద ఒక మీట ఉంటుంది, వేగాన్ని బట్టి డ్రైవరే దాన్ని కదపాలి. 1908లో సిలిండర్‌కో కాయిల్, తర్వాత దశాబ్దాల పాటు బండికి ఒకే కాయిల్, ఇప్పుడు మళ్లీ సిలిండర్‌కో కాయిల్. ఈ చక్రం తిరగడం నాకు భలే ఇష్టం.
మళ్లీ ఎందుకు తిరిగింది అంటే, లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకి 200 స్పార్క్‌లు కావాలి. ఒకే కాయిల్ ఉంటే ఒక్కో స్పార్క్‌కి 5 మిల్లీసెకన్లే సమయం, నిండేలోపే ఖాళీ చేయాలి. పాయింట్లు కూడా ఆ వేగానికి ఎగిరిపడతాయి. అదే సిలిండర్‌కి ఒక కాయిల్ ఉంటే నిండటానికి 20 మిల్లీసెకన్ల వరకు దొరుకుతుంది. మధ్యలో పాయింట్ల బదులు ట్రాన్సిస్టర్ వచ్చింది. క్రైస్లర్ 1973 నాటికి అమెరికాలో తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేసింది. ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ కూడా పోయి, రెండు సిలిండర్లకి ఒక కాయిల్ పద్ధతి వచ్చింది. ఒకటి మండాల్సిన దగ్గర, ఇంకోటి పొగ బయటికి పోయే దగ్గర, రెండు చోట్లా ఒకేసారి మెరుపు. సిట్రోయెన్ 2సీవీ 1948లోనే రెండు సిలిండర్లకి ఇలాగే చేసింది, డిస్ట్రిబ్యూటర్ లేకుండా.

చార్మినార్ చౌరస్తా
నాది సీఎన్‌జీ కిట్ ఉన్న బండి అన్నా, ప్లగ్‌లు తొందరగా పోతున్నయ్. పెట్రోల్ మీద ఏం లేదు, గ్యాస్ మీదికి మార్చంగనే జర్క్ కొడుతది. ఇది ప్లగ్ కథేనా?

ఆటోనగర్ స్పానర్
@చార్మినార్ చౌరస్తా: చాలావరకు అదే. గ్యాస్‌ని అంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగితే పెట్రోల్ మీద ఇంకా నెట్టుకొస్తుంది, గ్యాస్ మీద బయటపడిపోతుంది. గ్యాస్ బండికి ప్లగ్ మార్పు ముందుగానే పెట్టుకోండి, కంపెనీ పుస్తకంలో గ్యాస్‌కి వేరే గ్యాప్ రాసి ఉంటే అదే పెట్టండి.

రెండు చక్రాలు
ఎవరో చెప్పారు, గ్యాప్ కొంచెం పెంచితే స్పార్క్ పెద్దదై మైలేజీ వస్తుందని. నిజమేనా? అలాగే ‘వేడి ప్లగ్’ వేస్తే చలికి మంచిదా?

విద్యుత్ మాస్టారు
@రెండు చక్రాలు: గ్యాప్ పెంచితే కాయిల్ ఎక్కువ వోల్టేజీకి ఎక్కాలి, ఆ మేరకు దాని లోపలి ఇన్సులేషన్ మీద భారం. లోడ్ మీద తొక్కినప్పుడు ఒత్తిడి పెరిగి స్పార్క్ అసలు దూకకపోవచ్చు. గాలిని ఎక్కువ ఒత్తిడితో నింపే టర్బో బళ్లలో గ్యాప్ ఇంకా చిన్నగా పెట్టేది అందుకే.
ఇక వేడి ప్లగ్ అంటే స్పార్క్ వేడి కాదు నాయనా, ప్లగ్ ముక్కు తన వేడిని ఇంజిన్ తలకి ఎంత నెమ్మదిగా వదులుతుందన్న లెక్క. ముక్కు సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి తనంతట తాను కాలిపోతుంది. 800 దాటి ఇంకా పైకి పోతే స్పార్క్ రాకముందే ఆ ముక్కే నిప్పులా పెట్రోల్‌ని అంటిస్తుంది, పిస్టన్ కరిగేది అప్పుడే. ఈ రెండింటి మధ్య ఉండేలా కంపెనీ వాళ్లు నంబరు ఎంచుతారు. ఇంకో చిక్కు కూడా ఉంది, ఎన్‌జీకే ప్లగ్‌లో అంకె పెరిగితే చల్లని ప్లగ్, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్. అంకె చూసి ‘ఇదీ ఆరే, అదీ ఆరే’ అనుకుని బ్రాండు మార్చకండి.

రాజమండ్రి రోడ్డు
ఇన్ని చెప్పారు, ప్లగ్ రుద్దితే తప్పేంటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్ స్పానర్
@రాజమండ్రి రోడ్డు: అన్నా, మీరు చేసింది తప్పని అనను. మీరు మొదలుపెట్టిన రోజుల్లో మైకో కంపెనీ నికెల్ ప్లగ్‌లు, కార్బొరేటర్లు, సీసం కలిపిన పెట్రోల్. ప్లగ్ మీద గార కట్టేది, తీయక తప్పేది కాదు. మన దేశంలో సీసం పెట్రోల్ 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇప్పుడు చాలా కార్లలో ఇరీడియం ప్లగ్‌లు. మధ్య తీగ 0.4, 0.6 మిల్లీమీటర్లు, సూది మొన అనుకోండి. ఇరీడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, మెరుపుకి చాలా నెమ్మదిగా అరుగుతుంది, కానీ పెళుసు. బ్రష్‌తో రుద్దినా, గ్యాప్ కోసం స్క్రూడ్రైవర్‌తో మధ్యలో వత్తినా ఆ మొన విరుగుతుంది. ఉప్పు కాగితంలోని రేణువులు పింగాణీకి, బయటి లోహపు గుల్లకి మధ్య ఇరుక్కుపోతాయి, గీతలు పడిన పింగాణీ మీద మసి ఇంకా తొందరగా పడుతుంది. మీ బండిలో మామూలు నికెల్ ప్లగ్ అయితే మీ పద్ధతి ఇప్పటికీ ఒకసారికి నడుస్తుంది, కానీ ధర చూస్తే కొత్తదే వేసుకోవచ్చు.

రాజమండ్రి రోడ్డు
ఇరీడియం సంగతి నిజంగా తెలియదు. నాది నికెలే, 2004 బండి. కానీ మా అబ్బాయి బండివి కూడా పోయిన సంక్రాంతికి నేనే రుద్దాను, ఇవాళే వాడికి ఫోన్ చేసి మార్పించమంటాను.

హైవే అక్క
ఇంకో పాత అలవాటు కూడా చెప్పాలి. ప్లగ్ బయటికి తీసి ఇంజిన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టి స్పార్క్ చూడటం, వైరు కొంచెం లేపి చూడటం. ఈ రోజుల కాయిల్ 30 వేల వోల్టులకు పైగా ఇస్తుంది, స్పార్క్‌కి దారి దొరక్కపోతే అది కాయిల్ లోపలే దూకి దాన్ని చంపుతుంది, కొన్నిసార్లు ఇంజిన్ కంప్యూటర్‌ని కూడా. మనిషికి తగిలితే ఆ దెబ్బ వేరే చెప్పాలా. ప్లగ్ నంబరులో ‘ఆర్’ అన్న అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉందని అర్థం, రేడియో గోలని, కంప్యూటర్‌కి వెళ్లే చెత్త సంకేతాల్ని తగ్గించేది అదే. అది లేని చవక ప్లగ్ వేయకండి.

మున్నేరు ఒడ్డు
అందరికీ చాలా థాంక్స్. నిన్న మా బావమరిది స్కానర్ తెచ్చాడు. పి0303. మూడో కాయిల్‌ని ఒకటో దాని మీదికి, ఒకటోదాన్ని మూడో దాని మీదికి మార్చి కోడ్ చెరిపి కాలనీలో రెండు రౌండ్లు నెమ్మదిగా తిప్పాం. మళ్లీ పి0303. అంటే కాయిల్ బాగానే ఉంది, అవునా?

ఆటోనగర్ స్పానర్
అవును. ఇప్పుడు ప్లగ్ విప్పండి. ముందు ప్లగ్ కూర్చున్న గుంటలో గాలి కొట్టి దుమ్ము లేపేయండి, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, వేడి మీద అల్యూమినియం తల మర ఊడొస్తుంది. గుంటలో ఆయిల్ ఉందేమో కూడా చూడండి, పై మూత గాస్కెట్ కారితే అక్కడ చేరి కాయిల్ రబ్బరుని ఉబ్బిస్తుంది. దానికీ సిలిండర్ లోపలి ఆయిల్‌కీ సంబంధం లేదు, అందుకని ఇంజిన్ దించాలని ఎవరైనా అంటే భయపడకండి.

మున్నేరు ఒడ్డు
ఇప్పుడే విప్పాం. గుంట పొడిగానే ఉంది. ఒకటి, రెండు, నాలుగు బిస్కెట్ రంగు, కొంచెం అరిగాయి, గ్యాప్ 1.2 దగ్గర. మూడోది చూసి మా ఇద్దరికీ నోట మాట రాలేదు. మధ్యలో సూది మొన అసలు లేదు, విరిగి మొండిగా ఉంది, గ్యాప్ 1.6 పైనే. మా పుస్తకంలో 1.0 నుంచి 1.1 అని ఉంది. పక్కన గీతలు కనిపిస్తున్నాయి, బ్రష్ గీతలే. నంబరు చూస్తే ఇరీడియం. రెండేళ్ల కింద రుద్దించినప్పుడు పక్కనే నిలబడి చూశాను కూడా, తెలియక.

పాత అంబాసిడర్
బాధపడకు బాబూ. ఆ మెకానిక్‌కి ఈ ప్లగ్ తీసుకెళ్లి మెల్లగా చూపించు, తిట్టకు. ఆయన ఏ రోజుల్లో పని నేర్చుకున్నాడో ఆ రోజుల్లో అది సరైన పనే. చూపిస్తే ఇంకో పది బళ్లు బాగుపడతాయి.

డెట్రాయిట్ తెలుగు
నాలుగూ మార్చేయి, మిగతా మూడూ కూడా అరిగే ఉన్నాయి. పుస్తకంలో ఉన్న నంబరే తీసుకో, నమ్మకమైన డీలర్ దగ్గర కొను, నకిలీవి మార్కెట్లో ఉన్నాయి. కొత్త ఇరీడియం ప్లగ్ గ్యాప్ ఫ్యాక్టరీలోనే పెట్టి వస్తుంది, ఊరికే కొలిచి చూడు, వంచకు. కింద పడిన ప్లగ్ వాడకు, పింగాణీ లోపల పగిలి ఉండొచ్చు.

ఆటోనగర్ స్పానర్
బిగించడం ముఖ్యం. ప్లగ్ చివరికి రబ్బరు గొట్టం ముక్క తొడిగి వేళ్లతో తిప్పండి, మర తప్పుగా పడితే ఆ గొట్టమే జారి చెప్తుంది. చేత్తో పూర్తిగా కూర్చున్నాక 14 మిల్లీమీటర్ల మర, వాషర్ ఉన్న కొత్త ప్లగ్ అయితే ఇంకో సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. టార్క్ రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. కానీ కొత్త బళ్లలో చాలావాటికి 12, 10 మిల్లీమీటర్ల సన్న ప్లగ్‌లు, వాటికి 15, 10 దగ్గరే ఆపాలి, కాబట్టి పుస్తకం చూసే బిగించండి. గ్రీజు, మర పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ పూయకండి, జారుడు వల్ల కొలత తప్పి ఎక్కువ బిగుసుకుంటుంది.

మున్నేరు ఒడ్డు
ప్లగ్‌లు నాలుగూ తెచ్చాను, మూడు వేల లోపే అయింది. మాది 12 మిల్లీమీటర్లదే. కాయిల్స్ పాతవే. ప్లగ్ సాకెట్ ఉంది గానీ టార్క్ రెంచ్ లేదు, అది లేకుండా బిగించడానికి చేయి రావట్లేదు. ఖమ్మం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉందా?

హైవే అక్క
మాది కొణిజర్ల, మా ఆయన దగ్గర ఉంది. ఆదివారం మేము ఖమ్మం వస్తున్నాం, తెస్తాం. ఆ మూడో ప్లగ్ మాత్రం పారేయకు, మా వాడికి చూపించాలి.

మున్నేరు ఒడ్డు
చాలా థాంక్స్ అక్కా. ఎన్నింటికి వస్తారు?

హైవే అక్క
ఏడింటికల్లా వస్తాం. మేమొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకు, చల్లగా ఉండాలి.